7805 నుంచి 11 వోల్టులు వస్తున్నాయి. రెండో ఐసీ పెట్టేముందు ఏమేం చూసుకోవాలి?

కొత్తసోల్డర్ (శనివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. రాగి బోర్డు మీద టోనర్ అద్ది, ఫెర్రిక్ క్లోరైడ్‌లో కరిగించి, మొదటిసారి ఇంట్లోనే సొంత బోర్డు చేశాను. ఒకవైపే రాగి. దాని మీద ఏటీమెగా328పీ (ప్రోగ్రాం నడిపే మైక్రోకంట్రోలర్ ఐసీ), 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, ఒక 12 వోల్టుల రిలే ఉన్నాయి. చిన్న డిస్‌ప్లే, ఉష్ణోగ్రత సెన్సర్ తర్వాత తగిలించాలి. 12 వోల్టుల అడాప్టర్ నుంచి 7805 అనే వోల్టేజీ రెగ్యులేటర్ పెట్టి 5 వోల్టులు తీస్తున్నాను.

పవర్ ఇచ్చిన రెండు మూడు సెకన్లకే ఏటీమెగా ఐసీ వేలు పెట్టలేనంత వేడెక్కింది. వెంటనే ప్లగ్ పీకేశాను. ఐసీని తీసేసి ఖాళీ సాకెట్‌లో 7, 8 పిన్నుల మధ్య మీటర్ పెట్టి చూస్తే 11.4 వోల్టులు. అడాప్టర్ దగ్గర 12.1 ఉంది. ఐదు రావాల్సిన చోట పదకొండు ఎలా వస్తున్నాయో అర్థం కావడం లేదు.

నా దగ్గర ఇంకొక్క ఐసీ మాత్రమే ఉంది. అది కూడా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పెట్టేముందు ఏమేం చూసుకోవాలో చెప్పండి.

నానోఫారడ్ (శనివారం, రాత్రి 10:05)

ముందుగా ఒక మాట. ఆ మొదటి ఐసీని మళ్లీ వాడొద్దు. ఏటీమెగా328పీ పని చేయాల్సింది 1.8 నుంచి 5.5 వోల్టుల మధ్య. 6 వోల్టులు దాటితే పాడవుతుందని డేటాషీట్‌లోనే ఉంది. పదకొండు తిన్నాక పైకి బాగానే పని చేసినట్టు కనిపించినా లోపల ఏదో ఒక పిన్ను పోయి ఉంటుంది. తర్వాత మీరు ప్రోగ్రాంలో తప్పు వెతుక్కుంటూ రోజులు పోగొట్టుకుంటారు.

నా అనుమానం 7805 మధ్య కాలు మీద. గ్రౌండ్ సరిగా అంటకపోతే రెగ్యులేటర్‌కి ఎంత ఇవ్వాలో తెలియదు, అవుట్‌పుట్ ఇన్‌పుట్ దగ్గరదాకా ఎక్కిపోతుంది. ఇంట్లో డ్రిల్ చేసిన బోర్డుల్లో రంధ్రం కాస్త పెద్దదైతే చుట్టూ ఉన్న రాగి లేచిపోతుంది. పైనుంచి చూస్తే సోల్డర్ బాగానే ఉన్నట్టుంటుంది గానీ ట్రాక్‌కి అంటి ఉండదు. పవర్ తీసేసి మధ్య కాలికీ అడాప్టర్ మైనస్‌కీ మధ్య కంటిన్యుటీ (తెగకుండా కలిసి ఉందా అని) చూడండి. ప్రోబ్‌ని సోల్డర్ ముద్ద మీద కాదు, కాలి లోహం మీదే పెట్టండి.

పాతరేడియో (శనివారం, రాత్రి 10:30)

కంటిన్యుటీ చూడటం మంచిదే. కానీ నాకు 12.1కీ 11.4కీ మధ్య తేడా ఆసక్తిగా ఉంది. సరిగ్గా 0.7. ఆ అంకె చూడగానే ఒక సిలికాన్ జంక్షన్, అంటే డయోడ్‌లో పడే వోల్టేజీ గుర్తుకొస్తుంది.

7805లో అవుట్‌పుట్ కాలు ఇన్‌పుట్ కాలికంటే ఎక్కువ వోల్టేజీలో ఉంటే, లోపల వెనక్కి కరెంటు పారే దారి ఒకటి ఉంటుంది. అది డయోడ్ లాగే ప్రవర్తిస్తుంది. అంటే మీ అడాప్టర్ ప్లస్ అవుట్‌పుట్ కాలికి వెళ్తోందేమో, ఐసీకి వెళ్లే ట్రాక్ ఇన్‌పుట్ కాలి నుంచి బయల్దేరుతోందేమో చూడండి బాబూ.

అక్షరాలు మీ వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమది ఇన్‌పుట్, మధ్యది గ్రౌండ్, కుడిది అవుట్‌పుట్. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టుగానే పవర్ ఇచ్చి, ఒక్కో కాలి మీద ఎంత ఉందో రాయండి. ఐసీ మాత్రం సాకెట్‌లో ఉండకూడదు.

కొత్తసోల్డర్ (శనివారం, రాత్రి 11:10)

నానోఫారడ్ గారూ, మధ్య కాలికి కంటిన్యుటీ ఉంది, బీప్ వస్తోంది.

పాతరేడియో గారూ, మీరు చెప్పినట్టే ఉంది. ఎడమ కాలి మీద 11.4, కుడి కాలి మీద 12.1. తారుమారయ్యాయి!

ఎలా జరిగిందో కూడా తెలిసింది. సాఫ్ట్‌వేర్‌లో 7805 గుర్తు నేనే గీసుకున్నాను. అప్పుడు దాన్ని చేతిలో తిరగేసి పట్టుకుని, కాళ్ల చివర్ల వైపు నుంచి చూస్తూ గీశాను. బోర్డు బొమ్మ మాత్రం పై వైపు నుంచి చూసేది. మిగతావన్నీ లైబ్రరీలోంచి తీసుకున్నవి కాబట్టి సరిగానే ఉన్నాయి.

రాగిరేఖ (ఆదివారం, ఉదయం 7:15)

కొత్తసోల్డర్ తమ్ముడూ, నా మొదటి మూడు బోర్డుల్లో రెండు ఇలాంటి తప్పుతోనే పోయాయి. అప్పటి నుంచి ప్రింట్ తీసిన కాగితాన్ని ఒక అట్టముక్క మీద అతికించి, కాళ్లకు రంధ్రాలు పొడిచి, అసలు భాగాలన్నీ అందులో గుచ్చి చూస్తాను. ఆ తర్వాతే రాగి జోలికి వెళ్తాను. ఇంకొకటి, రాగి పొర మీద ఏదైనా ఒక పదం రాయి. టోనర్ కాగితం మీద అది తిరగబడి కనిపించాలి, రాగి మీదికి దిగాక తిన్నగా చదవగలగాలి. కాగితం మీదే తిన్నగా ఉంటే బోర్డు మొత్తం అద్దంలో బొమ్మలా వస్తుంది.

నీ బోర్డు పారేయాల్సిన పని లేదు. మధ్య కాలు గ్రౌండే కాబట్టి రెగ్యులేటర్‌ని వెనక్కి తిప్పి సోల్డర్ చేస్తే ఇన్‌పుట్, అవుట్‌పుట్ వాటి చోట్లలోకి వచ్చేస్తాయి. కొత్త 7805 పెట్టు, పాతది చాలా తిట్లు తిన్నట్టే. హీట్‌సింక్ పెడితే అది ఇప్పుడు రెండోవైపుకి వస్తుంది, అక్కడ జాగా ఉందో లేదో చూసుకో.

ఒక హెచ్చరిక. 7805కి బదులు 1117 రకం రెగ్యులేటర్ పెడదామని ఎవరైనా అంటే కాళ్ల వరుస వేరని గుర్తుపెట్టుకో. అందులో మొదటిది గ్రౌండ్, మధ్యది అవుట్‌పుట్, మూడోది ఇన్‌పుట్. దాని వెనక లోహపు రేకు కూడా అవుట్‌పుట్‌కి కలిసి ఉంటుంది. 7805 రేకు గ్రౌండ్ కదా అన్న అలవాటుతో దాన్ని గ్రౌండ్‌కి తగిలిస్తే నేరుగా షార్ట్.

పాతరేడియో (ఆదివారం, ఉదయం 8:50)

రాగిరేఖ గారు చెప్పింది అక్షరాలా నిజం.

ఇక అసలు ప్రశ్నకి వస్తాను. నేను పాటించేది ఒక్కటే: బోర్డు మీద అన్నిటికంటే చివర ఎక్కేది ఐసీ. దానికి ముందు పవర్ భాగం ఒంటరిగా నిలబడి చూపించాలి.

మొదట అడాప్టర్‌ని ఏమీ తగిలించకుండా కొలవండి. లోపల రెగ్యులేషన్ లేని పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్లు ఉంటాయి. వాటి మీద 9 అని రాసి ఉన్నా లోడ్ లేనప్పుడు 12, 13 చూపిస్తాయి. తర్వాత జాక్ మధ్య పిన్ను ప్లస్సో మైనస్సో చూడండి, అన్నీ ఒకేలా ఉండవు.

మొదటిసారి పవర్ ఇచ్చేటప్పుడు ప్లస్ తీగకి వరసలో బండి ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల చిన్న బల్బు పెట్టండి. బోర్డులో షార్ట్ ఉంటే బల్బు వెలుగుతుంది, బోర్డు బతుకుతుంది. వెలగకపోతే ముందుకు వెళ్లొచ్చు. కరెంటు పరిమితి పెట్టుకునే బెంచ్ సప్లై ఉన్నవాళ్లు 50 మిల్లీఆంపుల దగ్గర ఆపి మొదలుపెట్టొచ్చు. అది లేనివాళ్లకి ఈ బల్బే కాపలా.

ఆ తర్వాత ఖాళీ సాకెట్‌లో 7, 8 మధ్య, 20, 22 మధ్య కొలవండి. రెండు చోట్లా 4.8 నుంచి 5.2 లోపు ఉండాలి. లోడ్ లేకుండా ఐదు చూపించి, లోడ్ పడగానే కూలిపోయే బోర్డులు చాలా చూశాను. అందుకే 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య 47 ఓమ్‌ల, 1 వాట్ రెసిస్టర్ ఒకటి తగిలించి మళ్లీ కొలవండి. అది సుమారు 106 మిల్లీఆంపులు లాగుతుంది. బల్బు తీసేశాకే ఈ పరీక్ష చేయండి. రెసిస్టర్ వేడెక్కుతుంది, ముట్టుకోవద్దు.

నానోఫారడ్ (ఆదివారం, ఉదయం 9:30)

పాతరేడియో గారి లెక్కకి వేడి కూడా కలుపుతాను. 12 ఇచ్చి 5 తీస్తే మిగతా 7 వోల్టులూ రెగ్యులేటర్‌లో వేడిగా పోవాల్సిందే. డిస్‌ప్లే, సెన్సర్, ఐసీ కలిపి 120 మిల్లీఆంపులు అనుకుంటే 7 × 0.12 = 0.84 వాట్. హీట్‌సింక్ లేని 7805 లోపలి చిప్ ఒక్కో వాట్‌కి గది కంటే దాదాపు 65 డిగ్రీలు పైకి వెళ్తుంది. అంటే 55 డిగ్రీల పెరుగుదల. గది 30 ఉంటే లోపల 85. చావదు గానీ మూత వేసిన డబ్బాలో పెట్టే పని కాదు. చిన్న హీట్‌సింక్ పెట్టండి, లేదా 9 వోల్టుల అడాప్టర్ వాడండి. 7805కి అవుట్‌పుట్ కంటే కనీసం 2 వోల్టులు ఎక్కువ కావాలి, కాబట్టి 9 హాయిగా సరిపోతుంది. అప్పుడు రిలే కూడా 9 వోల్టులకి తగ్గది చూసుకోవాలి మరి.

లూప్‌రాసేవాడు (ఆదివారం, ఉదయం 10:02)

రెడీమేడ్ బక్ మాడ్యూల్ (ఎక్కువ వేడి లేకుండా వోల్టేజీ తగ్గించే చిన్న బోర్డు) పెడితే ఈ వేడి గొడవే ఉండదు కదా? ఎల్ఎం2596 ఉన్న చిన్న బోర్డు దొరుకుతుంది, స్క్రూ తిప్పి 5కి పెట్టుకోవడమే.

రాగిరేఖ (ఆదివారం, ఉదయం 10:20)

పెట్టొచ్చు తమ్ముడూ, కానీ ఆ స్క్రూ ఉంది చూశావా, అది ఎక్కడ ఉందో తెలియకుండా వస్తుంది. కొత్త మాడ్యూల్ తగిలించగానే 5 ఇస్తుందని అనుకోవద్దు. మాడ్యూల్‌ని విడిగా పెట్టి, మీటర్ చూస్తూ 5కి తిప్పి, స్క్రూ మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేసి కదలకుండా చేసి, అప్పుడు బోర్డుకి కలపాలి. వీలైతే స్క్రూ లేకుండా స్థిర రెసిస్టర్లతో 5కి కట్టేసిన మాడ్యూల్ తీసుకోవడం ఇంకా నయం.

చీకటిదీపం (ఆదివారం, మధ్యాహ్నం 1:15)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. అడాప్టర్ లేకుండా, మెయిన్స్ (ఇంటి కరెంటు) నుంచే ఒక కెపాసిటర్, రెసిస్టర్, జీనర్ పెట్టి 5 వోల్టులు తీసే సర్క్యూట్ ఒకటి చూశాను. బోర్డు చాలా చిన్నదవుతుంది. ఇంట్లో చేసిన బోర్డు మీద అది వేసుకోవచ్చా?

పాతరేడియో (ఆదివారం, మధ్యాహ్నం 1:40)

వద్దండీ. దయచేసి వద్దు.

ఆ పద్ధతిలో మెయిన్స్‌కీ మీ సర్క్యూట్‌కీ మధ్య విడదీత ఏమీ ఉండదు. మీటర్ పెడితే 5 వోల్టులే చూపిస్తుంది, కానీ ఆ ఐదూ మెయిన్స్ మీద కూర్చున్న ఐదు. మీరు గ్రౌండ్ అనుకునే తీగే ఫేజ్ కావచ్చు. ఐసీలోకి ప్రోగ్రాం ఎక్కించే ప్రోగ్రామర్ పరికరం తగిలించిన క్షణాన లాప్‌టాప్ పోతుంది, చెయ్యి తగిలితే మనిషే పోవచ్చు. కంపెనీలు అలాంటి సర్క్యూట్ వాడేది ఎవరి చెయ్యీ తగలని మూసేసిన ప్లాస్టిక్ డబ్బాల్లో, మెయిన్స్ కోసమే తయారైన కెపాసిటర్లతో. ఇంట్లో కరిగించిన బోర్డు మీద ట్రాకుల మధ్య దూరం, కడగగా మిగిలిన రసాయనం, లేచిన రాగి, వీటన్నిటితో అది చేయకూడదు.

విడదీత ఉన్న అడాప్టర్ డబ్బాకి బయటే ఉండాలి. బోర్డు మీదికి వచ్చేది తక్కువ వోల్టుల డీసీ మాత్రమే. నేను ఈ పని మొదలుపెట్టి చాలా ఏళ్లయింది, ఈ ఒక్క విషయంలో ఇప్పటికీ రాజీ పడను.

చీకటిదీపం (ఆదివారం, మధ్యాహ్నం 1:52)

అర్థమైందండీ, మానేస్తున్నాను. అడాప్టరే వాడతాను.

కొత్తసోల్డర్ (ఆదివారం, సాయంత్రం 6:30)

కొత్త 7805 తిప్పి పెట్టాను. బల్బు వెలగలేదు. ఖాళీ సాకెట్‌లో 5.02. 47 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టినా 5.00. రెండో ఐసీ పెట్టాను, చల్లగా ఉంది, ఎల్‌ఈడీ మెరుస్తోంది. చాలా సంతోషంగా ఉంది.

కానీ కొత్త సమస్య. రిలే ఆన్ అయినప్పుడు బాగానే ఉంటుంది, ఆఫ్ అయ్యేటప్పుడు నాలుగైదు సార్లకి ఒకసారి ప్రోగ్రాం మొదటి నుంచి మొదలవుతోంది. రిలే కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడ్ ఉంది, గీత ఉన్న వైపు ప్లస్‌కే ఉంది, రెండుసార్లు చూశాను.

నానోఫారడ్ (ఆదివారం, సాయంత్రం 6:55)

ఐసీ దగ్గర 104 (0.1 మైక్రోఫారడ్) కెపాసిటర్ ఎంత దూరంలో ఉంది? రిలే ట్రాన్సిస్టర్ గ్రౌండ్ ఎటు నుంచి వెళ్తోంది? నాకైతే క్షణకాలం సప్లై పడిపోతోందనిపిస్తోంది.

కొత్తసోల్డర్ (ఆదివారం, రాత్రి 7:10)

104 రెగ్యులేటర్ పక్కనే ఉంది, ఐసీకి నాలుగు సెంటీమీటర్ల దూరం. ఒక్కటే పెట్టాను. గ్రౌండ్ ట్రాక్ రిలే దగ్గర మొదలై, ఐసీ కింద నుంచి వెళ్లి, అడాప్టర్ జాక్ దగ్గర కలుస్తుంది. వెడల్పు అర మిల్లీమీటర్. అనలాగ్ ఏమీ చదవడం లేదు కాబట్టి 20వ పిన్ను ఖాళీగా వదిలేశాను. రీసెట్ పిన్నుకి కూడా ఏమీ తగిలించలేదు.

అంటే 20, 22 మధ్య కొలవమన్నప్పుడు అక్కడ ఏమీ రాలేదు. వాడని పిన్ను కదా అని మీకు చెప్పలేదు. క్షమించండి.

పాతరేడియో (ఆదివారం, రాత్రి 7:30)

ఫరవాలేదు బాబూ, ఇప్పుడు చెప్పారు కదా. 20వ పిన్ను ఏవీసీసీ, అంటే అనలాగ్ భాగానికి పవర్ వెళ్లే పిన్ను. అనలాగ్ వాడినా వాడకపోయినా దానికి 5 వోల్టులు ఇవ్వాలి. పోర్ట్ సీలో కొన్ని పిన్నులు దాని మీదే నడుస్తాయి. ముందు ఆ పని చేయండి.

లూప్‌రాసేవాడు (ఆదివారం, రాత్రి 8:05)

ఊహించడం ఎందుకు, ఎందుకు రీసెట్ అయిందో ఐసీనే అడగొచ్చు. ఎంసీయూఎస్ఆర్ అనే రిజిస్టర్‌లో అది రాసి ఉంటుంది. ప్రోగ్రాం మొదట్లోనే దాన్ని చదివి పక్కన దాచుకుని, వెంటనే సున్నా చేసి, ఎల్‌ఈడీతో అన్నిసార్లు మెరిపించు. విలువ 1 అయితే పవర్ ఆన్, 2 అయితే రీసెట్ పిన్ను, 4 అయితే వోల్టేజీ పడిపోవడం, 8 అయితే వాచ్‌డాగ్ (ప్రోగ్రాం ఇరుక్కుపోతే రీసెట్ చేసే టైమర్).

ఒక షరతు. కొత్త ఐసీలో బ్రౌన్‌అవుట్ పహరా (వోల్టేజీ పడిపోతే రీసెట్ చేసేది) ఆఫ్‌లో వస్తుంది, కాబట్టి 4 ఎప్పటికీ కనిపించదు. ఫ్యూజ్ (తీగ ఫ్యూజ్ కాదు, ఐసీ లోపలి సెట్టింగ్) మార్చి 4.3 వోల్టులకి పెట్టు. 16 మెగాహెర్ట్జ్‌కి ఎలాగూ అదే సరైనది. వోల్టేజీ తగ్గినా ఐసీ అలాగే పిచ్చిగా నడిస్తే ఈఈప్రామ్‌లో (పవర్ పోయినా నిలిచే మెమరీలో) దాచినవి చెడిపోవచ్చు. బూట్‌లోడర్ (ప్రోగ్రాంకి ముందు నడిచే చిన్న ప్రోగ్రాం) ఉంటే అది ఈ విలువని ముందే తుడిచేయొచ్చు, నువ్వు ప్రోగ్రామర్‌తో నేరుగా రాస్తున్నావు కాబట్టి ఇబ్బంది లేదు.

రాగిరేఖ (ఆదివారం, రాత్రి 8:20)

ప్రోగ్రామర్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. యూఎస్‌బీ ఏఎస్పీ లాంటి వాటిలో బోర్డుకి పవర్ ఇచ్చే జంపర్ ఉంటుంది. నీ బోర్డు అడాప్టర్ మీద నడుస్తున్నప్పుడు ఆ జంపర్ తీసేయి. లేకపోతే రెండు 5 వోల్టులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. నిన్న నీ బోర్డు మీద 11.4 ఉన్నప్పుడు ప్రోగ్రామర్ తగిలించి ఉంటే అది లాప్‌టాప్ పోర్టులోకి వెళ్లి ఉండేది.

కొత్తసోల్డర్ (సోమవారం, రాత్రి 9:00)

తగిలించలేదు అక్కా, అదృష్టం. జంపర్ తీసేశాను.

20వ పిన్నుకి 5 వోల్టులు ఇచ్చాను, రీసెట్లు ఆగలేదు. ఫ్యూజ్ మార్చి, ఎంసీయూఎస్ఆర్ చదివాను. పన్నెండు రీసెట్లు లెక్కపెట్టాను. పన్నెండుసార్లూ ఎల్‌ఈడీ రెండేసి సార్లు మెరిసింది. ఒక్కసారి కూడా నాలుగు రాలేదు.

నానోఫారడ్ (సోమవారం, రాత్రి 9:20)

అయితే నా అంచనా తప్పు. సప్లై 4.3 దాకా పడటం లేదు, రీసెట్ పిన్నే గోలని పట్టుకుంటోంది. లోపల పుల్‌అప్ (పిన్నుని 5 వోల్టుల వైపు పట్టి ఉంచే రెసిస్టర్) ఉంది గానీ అది 30 నుంచి 60 కిలోఓమ్‌లు, చాలా బలహీనం. పక్కనే రిలే ట్రాక్ వెళ్తుంటే ఆ పిన్ను యాంటెన్నా లాగే ఉంటుంది. 1వ పిన్ను నుంచి 5 వోల్టులకి 10 కిలోఓమ్‌లు, అదే పిన్ను నుంచి గ్రౌండ్‌కి ఒక 104 పెట్టండి.

గ్రౌండ్ విషయం మాత్రం వదలొద్దు. 35 మైక్రాన్ల రాగి మీద అర మిల్లీమీటర్ వెడల్పుతో పది సెంటీమీటర్ల ట్రాక్ అంటే దాదాపు 0.1 ఓమ్. మామూలు కరెంటుకి అది లెక్కలోది కాదు, కానీ రిలే తెగినప్పుడు వచ్చే వేగమైన కుదుపుకి ఆ పొడవే శత్రువు. రిలే ట్రాన్సిస్టర్ ఎమిటర్ నుంచి ఆ ట్రాక్ తెంపేసి, విడిగా ఒక లావు తీగ నేరుగా అడాప్టర్ జాక్ దగ్గరి పెద్ద కెపాసిటర్ మైనస్‌కి వేయండి. రెండు 104లు బోర్డు రాగి వైపే, ఒకటి 7, 8 కాళ్ల మీద, ఇంకొకటి 20, 22 కాళ్ల మీద, కాళ్లు వీలైనంత పొట్టిగా కత్తిరించి సోల్డర్ చేయండి.

కొత్తసోల్డర్ (మంగళవారం, రాత్రి 10:15)

ముందు 10 కిలోఓమ్‌లు, 104 మాత్రమే పెట్టి చూశాను. అరగంటలో ఒక్క రీసెట్ వచ్చింది. తర్వాత గ్రౌండ్ తీగ, మిగతా రెండు 104లు వేశాను. ఐదు సెకన్లకోసారి రిలే కొట్టేలా ప్రోగ్రాం పెట్టి రెండు గంటలు వదిలేశాను. 1,440 సార్లు కొట్టింది, రీసెట్ ఒక్కటీ లేదు.

ఒక చిన్న సందేహం. రేపు డబ్బాలో పెట్టాక ఎవరైనా అడాప్టర్ తిరగేసి పెడితే?

పాతరేడియో (మంగళవారం, రాత్రి 10:40)

జాక్ ప్లస్ తర్వాత వరసలో ఒక 1ఎన్5819 డయోడ్ పెట్టండి, గీత బోర్డు వైపు ఉండేలా. అర వోల్టు కూడా పోదు, మీకు 12 ఉంది కాబట్టి లెక్కే కాదు. దాని ముందు అర ఆంపియర్ ఫ్యూజ్ ఒకటి పెడితే నేను నిశ్చింతగా పడుకుంటాను. ఆ రెండూ పెట్టాక ఐసీ మళ్లీ ఒకసారి పైకి తీసి, ఖాళీ సాకెట్‌లో కొలిచి, అప్పుడు పెట్టండి.

కొత్తసోల్డర్ (బుధవారం, రాత్రి 8:25)

రెండూ పెట్టాను. ఐసీ తీసి కొలిచాను: 7, 8 మధ్య 5.01, 20, 22 మధ్య 5.01. అడాప్టర్ కావాలనే తిరగేసి పెట్టి చూశాను, అప్పుడు సున్నా. ఐసీ పెట్టి, మూత బిగించేశాను.